గృహరుణం ఎప్పటికి తీరుతుంది? వాయిదాలకు, ముందస్తు చెల్లింపులకు స్ప్రెడ్‌షీట్ లెక్క

ముప్పై లక్షల గృహరుణాన్ని 9 శాతం వార్షిక వడ్డీకి 20 ఏళ్ల గడువుతో తీసుకున్నామనుకుందాం. ఒక్క వాయిదా కూడా తప్పకుండా పదేళ్లపాటు, అంటే సరిగ్గా సగం గడువు వరకు కట్టాక ఎంత బాకీ మిగులుతుందని అడిగితే చాలామంది పదిహేను లక్షలని, కొంచెం జాగ్రత్తగా ఆలోచించేవారు పదిహేడో పద్దెనిమిదో అని చెబుతారు. నిజానికి మిగిలేది 21 లక్షల 30 వేల పైచిలుకు. సగం కాలం గడిచినా అసలులో మూడో వంతు కూడా తీరదు. ఇందులో మోసమేమీ లేదు. ప్రతి నెలా మిగిలిన బాకీ మీద వడ్డీ ముందుగా పోయి, ఆ తరువాత మిగిలిన డబ్బే అసలుకు జమ అవుతుంది కాబట్టి లెక్క అలా వస్తుంది. ఈ సంగతి కంటికి కనబడాలన్నా, అదనంగా కట్టే డబ్బు ఎప్పుడు కడితే ఎంత ఫలితమిస్తుందో తెలియాలన్నా, రుణదాత ఇచ్చే ఒక్క వాయిదా అంకె సరిపోదు. నెలకో వరుస చొప్పున మనమే ఒక పట్టిక కట్టుకోవాలి. గంటసేపు ఓపిగ్గా కూర్చుంటే చాలు.

ఎక్సెల్, గూగుల్ షీట్స్, లిబ్రేఆఫీస్ క్యాల్క్ వీటిలో ఏది వాడినా ఇక్కడ చెప్పే పద్ధతి ఒకటే. ఫంక్షన్ల పేర్లను, గడుల పేర్లను ఈ వ్యాసంలో తెలుగు లిపిలో రాస్తున్నాను. స్ప్రెడ్‌షీట్‌లో మాత్రం వాటిని ఇంగ్లిష్ అక్షరాలతోనే టైపు చేయాలి. కొన్ని దేశాల సెట్టింగులలో సూత్రం లోపల కామాకు బదులు సెమీకోలన్ పెట్టవలసి వస్తుంది. సూత్రం సరిగానే ఉన్నా షీటు ఒప్పుకోకపోతే మొదట చూడవలసింది అదే. అంకెలకు కరెన్సీ గుర్తు ఏదీ పెట్టడం లేదు, ఎందుకంటే ఏ నాణెంలో చూసినా లెక్క మారదు.

షరతులన్నీ పైనే

షీటు పైభాగంలో రుణానికి సంబంధించిన మూలాంకెలు మాత్రమే ఉండాలి. ‘ఏ’ అనే మొదటి నిలువు వరుసలో వాటి పేర్లు రాసి, బీ1లో అసలు మొత్తం 30,00,000, బీ2లో వార్షిక వడ్డీ 9%, బీ3లో గడువు 20 సంవత్సరాలు, బీ4లో మొదటి వాయిదా తేదీ వేయండి. బీ5లో వాయిదా లెక్క వస్తుంది. బీ6ను నెలనెలా అదనంగా కట్టదలచిన మొత్తానికి కేటాయించి, ప్రస్తుతానికి అందులో సున్నా పెట్టండి. ఈ అంకెలను కింద పట్టికలో ఎక్కడా నేరుగా టైపు చేయకూడదు, అవసరమైన ప్రతిచోటా ఈ గడులనే చూపించాలి. 1979లో వచ్చిన విజిక్యాల్క్ అనే తొలి స్ప్రెడ్‌షీట్ ప్రోగ్రాం జనాన్ని ఆకట్టుకున్నది కూడా ఒక్క అంకె మారిస్తే దాని మీద ఆధారపడ్డ అంకెలన్నీ వాటంతటవే మారడం వల్లనే. సూత్రాల మధ్యలో 9 శాతాన్ని చేత్తో రాసి పెట్టుకుంటే ఆ సౌలభ్యాన్ని మనమే పోగొట్టుకున్నవాళ్లమవుతాం.

వాయిదా కోసం బీ5లో రాయవలసిన సూత్రం ఇది:

=రౌండ్(పీఎంటీ(బీ2/12, బీ3*12, -బీ1), 2)

పీఎంటీ ఫంక్షన్‌కు మొదట నెల వడ్డీ రేటు, తరువాత మొత్తం నెలల సంఖ్య, ఆ తరువాత రుణ మొత్తం ఇస్తాం. రుణానికి ముందు మైనస్ గుర్తు ఎందుకంటే, ఈ ఫంక్షన్ చేతికి వచ్చే డబ్బును, చేతినుంచి పోయే డబ్బును వ్యతిరేక గుర్తులతో చూస్తుంది. మైనస్ పెట్టకపోతే వాయిదా మైనస్ అంకెగా కనిపిస్తుంది. మన ఉదాహరణకు జవాబు 26,991.78 రావాలి. మీ రుణదాత చెప్పిన వాయిదాకు, ఈ అంకెకు కొద్దిపాటి తేడా ఉంటే అది పై అంకెకు సవరించినందువల్ల కావచ్చు. అప్పుడు బీ5లో సూత్రం తీసేసి రుణదాత చెప్పిన అంకెనే వేయండి. తేడా పెద్దదైతే మాత్రం ముందుకు వెళ్లవద్దు. వడ్డీని లెక్కించే పద్ధతి మనం అనుకున్నది కాదని దాని అర్థం. ఉదాహరణకు కెనడాలో స్థిర వడ్డీ గృహరుణాలకు వడ్డీని ఏడాదికి రెండుసార్లు చక్రవడ్డీగా లెక్కిస్తారు కాబట్టి, అక్కడ నెల రేటు కావాలంటే బీ2ను 12తో భాగించడం కుదరదు; =(1+బీ2/2)^(1/6)-1 అని రాయాలి. రుణపత్రంలో వడ్డీ విధానం గురించి ఉన్న పేరాను ఒకసారి చదివితే ఈ చిక్కు తీరిపోతుంది.

నెలకో వరుస

పదో వరుసలో శీర్షికలు, పదకొండో వరుసలో మొదటి నెల. ‘ఏ’ నిలువు వరుసలో నెల సంఖ్య, బీలో తేదీ, సీలో నెల మొదటి బాకీ, డీలో ఆ నెలకు వర్తించే వడ్డీ రేటు, ఈలో వడ్డీ, ఎఫ్‌లో వాయిదా, జీలో నెలవారీ అదనం, హెచ్‌లో ఎప్పుడైనా ఒకేసారి కట్టే పెద్ద మొత్తం, ఐలో నెలాఖరు బాకీ ఉంటాయి. మొదటి నెల వరుసలో సూత్రాలు ఇలా ఉంటాయి:

ఏ11: 1
బీ11: =ఈడేట్($బీ$4, ఏ11-1)
సీ11: =బీ1
డీ11: =బీ2
ఈ11: =రౌండ్(సీ11*డీ11/12, 2)
ఎఫ్11: =మిన్($బీ$5, సీ11+ఈ11)
జీ11: =మిన్($బీ$6, సీ11+ఈ11-ఎఫ్11)
ఐ11: =రౌండ్(సీ11+ఈ11-ఎఫ్11-జీ11-హెచ్11, 2)

రెండో నెలలో మారేవి మూడే. ఏ12లో =ఏ11+1 అని, సీ12లో =ఐ11 అని, డీ12లో =డీ11 అని రాయాలి. మిగిలిన గడులను పై వరుస నుంచి కిందికి లాగి, ఆ పన్నెండో వరుస మొత్తాన్ని పట్టుకొని 360 నెలల వరకు దించుకుంటే పట్టిక సిద్ధమవుతుంది. 20 ఏళ్లకు 240 వరుసలు చాలు గానీ, వడ్డీ పెరిగి గడువు సాగితే ఏమవుతుందో కూడా చూడవలసి వస్తుంది కాబట్టి వరుసలు ఎక్కువే ఉంచుకోవడం మంచిది.

ఈ సూత్రాలలో రెండు మూడు చోట్ల ఆగవలసిన పని ఉంది. తేదీని ముందు నెల తేదీ నుంచి కాక, ఎప్పుడూ బీ4లోని మొదటి తేదీ నుంచే లెక్కించాలి. మొదటి వాయిదా జనవరి 31న ఉందనుకుంటే, ఒక నెల నుంచి మరో నెలకు పాకే సూత్రం ఫిబ్రవరిలో 28కి దిగి, ఆ తరువాత మార్చిలోనూ 28 దగ్గరే ఉండిపోతుంది. మిన్ ఫంక్షన్ పెట్టింది చివరి నెల కోసం: మిగిలిన బాకీ, దాని వడ్డీ కలిపి వాయిదాకన్నా తక్కువైనప్పుడు అంతే కట్టించి, బాకీ సున్నా దగ్గర ఆగేలా చేస్తుంది. గడి పేరులో డాలర్ గుర్తు ఉంటే సూత్రాన్ని కిందికి లాగినా అది అదే గడిని చూపిస్తుంది; ఆ గుర్తు మరచిపోతే జరిగేది నాకు అనుభవమే. ఎఫ్ వరుసలో ఆ గుర్తు లేకుండా కిందికి లాగడంతో రెండో నెల వాయిదా సున్నా ఉన్న బీ6ను చూపించి, ఆ నెల ఏమీ కట్టనట్టు, బాకీ తగ్గకపోగా పెరిగినట్టు కనిపించింది. ఆ పూట నేను నిజంగానే కంగారుపడ్డాను.

వడ్డీని నెలకు కాక రోజుకు లెక్కించే రుణాలు కూడా ఉన్నాయి. మీది అలాంటిదైతే 12తో భాగించే బదులు రెండు తేదీల మధ్య రోజులతో గుణించి 365తో భాగించండి. అప్పుడు 31 రోజుల నెలలో వడ్డీ కొంచెం ఎక్కువగా, ఫిబ్రవరిలో తక్కువగా కనిపిస్తుంది.

మొదటి వరుసను ఇప్పుడు పరిశీలించండి. 26,991.78 వాయిదాలో 22,500 వడ్డీకే పోయి, 4,491.78 మాత్రమే అసలుకు చేరుతుంది. మొదటి ఏడాది మొత్తం మీద కట్టేది సుమారు 3,23,900. అసలు తగ్గేది 56,181. కిందికి వెళుతున్న కొద్దీ వడ్డీ వాటా తగ్గుతూ అసలు వాటా పెరుగుతూ వచ్చి, 149వ నెలలో తొలిసారి అసలు వాటా వడ్డీని దాటుతుంది. అంటే పన్నెండేళ్లు దాటి పదమూడో ఏడు నడుస్తుండగా అన్నమాట. ముందస్తు చెల్లింపుల విషయంలో తీసుకోవలసిన నిర్ణయాలన్నిటికీ మూలం ఈ వంపులోనే ఉంది.

పట్టిక సరిగా కుదిరిందో లేదో చూసుకోవడానికి 240వ నెల చివర బాకీ సున్నా అయిందా, వడ్డీ ఉన్న ‘ఈ’ నిలువు వరుస మొత్తం 34,78,000 చుట్టుపక్కల వచ్చిందా అని చూడండి. వడ్డీ మొత్తానికి =సమ్(ఈ11:ఈ370), కట్టిన నెలల సంఖ్యకు =కౌంట్‌ఇఫ్(ఎఫ్11:ఎఫ్370, ">0") అని పైన ఖాళీగా ఉన్న ‘డీ’, ‘ఈ’ గడులలో రాసుకుంటే ప్రతిసారీ కిందిదాకా వెళ్లే పని ఉండదు. ఇవి సరిపోయాక ఈ షీటుకు ఒక నకలు తీసి, మొదటిదానికి ‘మూల ప్రణాళిక’ అని పేరు పెట్టి, ఇక దాన్ని ముట్టుకోకండి. ప్రయోగాలన్నీ నకలులోనే.

నెలనెలా కొంచెం అదనం

నకలులో బీ6లో 3,000 వేసి చూడండి. రుణం 240 నెలలకు బదులు 186 నెలల్లో తీరిపోతుంది. నాలుగున్నరేళ్లు ముందుగా బయటపడతాం. వడ్డీ 34.78 లక్షల నుంచి 25.68 లక్షలకు దిగుతుంది, అంటే 9 లక్షల 10 వేల ఆదా. దీనికోసం అదనంగా పెట్టింది నెలకు మూడు వేల చొప్పున మొత్తం మీద ఐదున్నర లక్షలు. పట్టిక మీద నమ్మకం కుదరకపోతే =ఎన్‌పర్(బీ2/12, -(బీ5+బీ6), బీ1) అనే ఫంక్షన్‌తో సరిచూసుకోవచ్చు; అది 185.64 అని చూపుతుంది, అంటే 185 పూర్తి చెల్లింపులు, ఆపైన ఒక చిన్న చెల్లింపు.

ప్రశ్నను తిప్పి అడగడం కూడా తేలికే. పదిహేనేళ్లలో తీర్చేయాలంటే నెలకు ఎంత అదనం కావాలి? పీఎంటీలో గడువు స్థానంలో 180 పెడితే 30,428 వస్తుంది. అందులోంచి ఇప్పటి వాయిదా తీసేస్తే 3,436. రుణం మధ్యలో ఉన్నవారు అసలు మొత్తానికి బదులు ఈ రోజు బాకీని, మిగిల్చుకోదలచిన నెలలను ఇస్తే సరిపోతుంది. ఆదాయంతోపాటు అదనాన్ని కూడా ఏటా 5 శాతం పెంచాలనుకునేవారు బీ7లో ఆ శాతం వేసి, జీ వరుసలో $బీ$6 ఉన్నచోట $బీ$6*(1+$బీ$7)^ఇంట్((ఏ11-1)/12) అని మార్చుకోవచ్చు.

ఒకేసారి కట్టే పెద్ద మొత్తం

హెచ్ వరుసలో సూత్రం ఉండదు. డబ్బు చేతికి వచ్చే నెల ఎదురుగా మనమే అంకె వేస్తాం. బీ6ను తిరిగి సున్నా చేసి, 12వ నెల ఎదురుగా 2,00,000 వేస్తే గడువు 35 నెలలు తగ్గి, వడ్డీలో 7 లక్షల 62 వేలు మిగులుతుంది. అదే రెండు లక్షలను అక్కడినుంచి తీసి 120వ నెల ఎదురుగా వేస్తే తగ్గేది 17 నెలలు, మిగిలేది 2 లక్షల 61 వేలు. డబ్బు ఒకటే, రుణం ఒకటే. మొదటి సందర్భంలో ఆ రెండు లక్షల మీద పడవలసిన వడ్డీ, ఆ వడ్డీ పడకపోవడం వల్ల త్వరగా తరిగిన అసలు మీద వడ్డీ, ఇలా పదహారేళ్లకు పైగా పోగవుతూ వస్తుంది. రెండోదానిలో అలా పోగవడానికి ఎనిమిదిన్నరేళ్లే ఉంది.

అయితే ఈ అంకెలు నిజం కావాలంటే రుణదాతకు మనం ఇచ్చే ఆదేశం స్పష్టంగా ఉండాలి. పెద్ద మొత్తం కట్టినప్పుడు సాధారణంగా రెండు దారులుంటాయి: వాయిదా అలాగే ఉంచి గడువు తగ్గించడం, లేదా గడువు అలాగే ఉంచి వాయిదా తగ్గించడం. పైన వచ్చిన 7.62 లక్షల ఆదా మొదటి దారిది. రెండో దారిలో, 12వ నెల తరువాత వాయిదా 26,992 నుంచి 25,158కి తగ్గి, మిగిలిన 228 నెలలూ అలాగే సాగితే, వడ్డీలో మిగిలేది 2 లక్షల 18 వేలు మాత్రమే. ఈ రెండు దారులకూ మధ్య తేడా ఎంత పెద్దదంటే, తొమ్మిదేళ్లు ఆలస్యంగా కట్టి గడువు తగ్గించుకున్నవారు కూడా మొదటి ఏడాదిలోనే కట్టి వాయిదా తగ్గించుకున్నవారికన్నా కొంచెం మెరుగ్గానే ఉంటారు. నెలనెలా చేతికి ఊపిరాడడం లేదన్నవారికి వాయిదా తగ్గించుకోవడమే సరైన నిర్ణయం కావచ్చు, అందులో తప్పులేదు. కానీ ఏ దారిలో పడ్డామో తెలియకుండానే దరఖాస్తు మీద సంతకం పెట్టేవారే ఎక్కువ. రెండో దారిని షీటులో చూడాలంటే ఎఫ్ వరుసలో 13వ నెల నుంచి $బీ$5కు బదులు కొత్త వాయిదా ఉన్న గడిని చూపించండి. వాయిదా తగ్గించుకొని, తగ్గిన ఆ 1,834ను జీ వరుసలో అదనంగా కడుతూపోతే ఫలితం మొదటి దారికి సమానమవుతుందని కూడా అప్పుడు కనబడుతుంది. కష్టకాలంలో ఆ అదనాన్ని ఆపుకునే వెసులుబాటు దీనిలో ఉంది కాబట్టి, క్రమశిక్షణ ఉన్నవారికి నేను ఈ మూడో పద్ధతినే సూచిస్తాను.

ముందస్తు చెల్లింపుకు రుసుము ఉంటే దానికీ ఒక నిలువు వరుస చేర్చి, వడ్డీ ఆదాలోంచి ఆ మొత్తాన్ని తీసివేసి చూడాలి. కొన్ని ఒప్పందాలలో ఏడాదికి ఇంత శాతం వరకు రుసుము లేకుండా కట్టవచ్చని, అది దాటితేనే రుసుమని ఉంటుంది. అలాంటప్పుడు పెద్ద మొత్తాన్ని రెండు సంవత్సరాలకు విడదీసి హెచ్ వరుసలో వేసి, ఆలస్యం వల్ల పోయే వడ్డీకన్నా తప్పే రుసుము ఎక్కువో కాదో పోల్చుకోవచ్చు. అదనపు డబ్బు అసలు రుణానికే పోవాలా అన్నది వేరే సంగతి. అత్యవసరాలకు కొంత నిల్వ లేకుండా, అంతకన్నా ఎక్కువ వడ్డీ ఉన్న మరో అప్పు తీర్చకుండా గృహరుణానికి డబ్బు పోయడం ఈ షీటులో ఎంత అందంగా కనిపించినా తెలివైన పని కాదు.

వడ్డీ మారినప్పుడు

డీ వరుసలో ప్రతి నెలకూ వేరే గడి పెట్టింది ఇందుకే. రేటు మారిన నెల ఎదురుగా కొత్త శాతం వేస్తే, కింది గడులన్నీ పై గడినే చూపుతున్నాయి కాబట్టి అక్కడినుంచి అదే వర్తిస్తుంది. గడిచిన నెలల లెక్క చెదరదు. బీ2ను మార్చి ఊరుకుంటే మాత్రం పాత నెలలన్నీ కొత్త రేటుతో మారిపోయి, పట్టికకు, వాస్తవానికి పొంతన పోతుంది. పైగా బీ5లో సూత్రం ఉంటే వాయిదా కూడా మారిపోతుంది. రుణం మొదలయ్యాక బీ5ను సూత్రంగా కాక అంకెగా మార్చుకోమని చెప్పడానికి ఇది ఇంకో కారణం.

రేటు పెరిగినప్పుడు వాయిదా పెంచకుండా గడువునే సాగదీయడం కొందరు రుణదాతల పద్ధతి. వాయిదా మారలేదు కదా అని చాలామంది దీన్ని పట్టించుకోరు. మన ఉదాహరణలో మొదటి నెల నుంచే రేటు 9.5 శాతం అయి, వాయిదా 26,991.78 వద్దే ఉంటే రుణం 240 నెలల్లో కాక 269 నెలల్లో తీరుతుంది. అర శాతం తేడాకు దాదాపు రెండున్నరేళ్లు. ఆ గడువు పెరగకుండా ఉండాలంటే నెలకు కట్టవలసింది 27,964, అంటే 972 ఎక్కువ. రేటు సుమారు 10.8 శాతానికి చేరితే మొదటి నెల వడ్డీకే వాయిదా మొత్తం సరిపోయి అసలు ఒక్క అంకె కూడా కదలదు; అది దాటితే కట్టిన కొద్దీ బాకీ పెరుగుతుంది. ఎన్‌పర్ ఫంక్షన్ జవాబుకు బదులు తప్పు సందేశం చూపితే ఇదే కారణమై ఉంటుంది. రుణం తీసుకునే ముందే బీ2లో రెండు శాతం ఎక్కువ వేసి పట్టికను ఒకసారి చూడడం, ఆ అంకెలతో నెల గడుస్తుందా అని ఆలోచించడం మంచి అలవాటు.

రుణదాత లెక్కతో పోల్చడం

ఐ తరువాత జే, కే అని మరో రెండు నిలువు వరుసలు పెట్టండి. జేలో రుణదాత ఖాతా నివేదికలో కనిపించే నెలాఖరు బాకీ, కేలో దానికి, మన బాకీకి మధ్య తేడా. నెలనెలా కుదరకపోయినా మూడు నెలలకోసారి జే నింపాలి. తేడా చిన్నదిగా అటూ ఇటూ ఊగుతుంటే అది రోజుల లెక్కవల్లనో, పైసల సవరణవల్లనో వచ్చినది. ప్రతి నెలా ఒకే దిక్కుకు పెరుగుతూ పోతుంటే మనకు చెప్పకుండా రేటు మారి ఉండవచ్చు. ఒక్కసారిగా పెద్ద తేడా వచ్చి అక్కడే నిలిచిపోతే, మనం కట్టిన అదనపు మొత్తం అసలుకు జమకాకుండా రాబోయే వాయిదాలకు ముందస్తుగా పక్కన పెట్టారేమో చూడాలి. నాకు తెలిసిన ఒకరి విషయంలో ఐదు నెలల తరువాత ఇలాగే బయటపడింది. అంతకాలమూ ఆ డబ్బు మీద వడ్డీ తగ్గనేలేదు. అదనం కట్టిన ప్రతిసారీ అది అసలుకు జమ కావాలని రాతపూర్వకంగా కోరి, రసీదు తేదీని హెచ్ గడికి వ్యాఖ్యగా చేర్చుకుంటే ఇలాంటి తేడాను ప్రశ్నించడం సులువవుతుంది.

గడిచిన నెలల వరుసలకు లేత రంగు వేసి, వాటిలోని ఎఫ్, జీ గడులను సూత్రాల నుంచి నిజంగా కట్టిన అంకెలుగా మార్చండి. అప్పుడు రంగు ఉన్నంతవరకు జరిగినది, రంగు లేనిది ఇంకా ప్రణాళిక. రేపు బీ6లో ఏ అంకె మార్చినా గతం కదలదు. చివరి నెల దగ్గరపడినప్పుడు మాత్రం షీటులోని అంకెతోనే చెల్లింపు చేసేయకండి. ముగింపు మొత్తాన్ని రుణదాత ఆ రోజు వరకు వడ్డీతో లెక్కగట్టి ఇస్తారు కాబట్టి ఆ అంకెను రాతపూర్వకంగా తెప్పించుకొని, చివరి వరుసతో సరిపోల్చి, అది కట్టాక తనఖా విడుదల పత్రం చేతికి వచ్చేదాకా ఈ ఫైలును తొలగించకుండా ఉంచుకోండి.